స్పీకర్ వైరు ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ స్పీకర్ వైరుకు కాళ్ళు రెండు: ఎర్ర తొడుగుది ఒకటి, నల్ల తొడుగుది ఒకటి. ఒక్కో దాంట్లో వెంట్రుకల్లాంటి రాగి పోగులు పదుల కొద్దీ ఉన్నాయి. గోడ మూలల్లో ఎన్ని వంపులు తిప్పినా విరగకపోవడం వాటి చలవే. కొట్లో దీన్ని ‘ఒకటిన్నర ఎంఎం’ అంటారు. అది మందమని చాలామంది అనుకుంటారు గానీ కాదు, లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం: 1.5 చదరపు మిల్లీమీటర్లు.

కోఠి గుజరాతీ గల్లీలో 90 మీటర్ల చుట్ట నుంచి 10 మీటర్లు తెగి ఈ ఇంటికి వచ్చింది. పక్క చుట్టలోని చౌక రకం అల్యూమినియానికి రాగి పూత పూసింది. చూపుకు రెండూ ఒకటే. పోగును బ్లేడుతో గీరితే లోపలి తెలుపు బయటపడుతుంది. ఒకే మందంలో దాని నిరోధం రాగికన్నా బాగా ఎక్కువ.

నిరోధమే ఇక్కడ అసలు లెక్క. ఈ వైరుది మీటరుకు సుమారు 0.013 ఓం. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కనుక 10 మీటర్లంటే 20 కిందే లెక్క, మొత్తం 0.26 ఓం. స్పీకరు ఓంలలో ఇరవయ్యో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. 8 ఓంల స్పీకరుకు అది 0.4. అదే దూరానికి 0.75 వైరు వేస్తే అర ఓం దాటుతుంది. ఈ లెక్క సరిపోయాక వేలు పోసి కొన్న వైరు వల్ల చెవికి అందే లాభం దాదాపు ఏమీ లేదు. ఇది అసూయతో అన్న మాట కాదు.

బిగింపు రోజున ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకారు. కాళ్ళు రెండూ నాలుగంగుళాలు విడదీసి, కొసల్లో 12 మిల్లీమీటర్ల తొడుగు ఒలిచి, పోగుల్ని వేళ్ళతో మెలిపెట్టారు. మరలు వదులు చేసి కొసలు దూర్చి బిగించారు. అయితే ఎర్ర కాలి పోగు ఒకటి మెలికలో చేరకుండా మిగిలి, పక్కనున్న నల్ల మరను తాకింది. పాట మొదలై శబ్దం పెంచగానే లోపల టక్‌మంది, అంతా ఆగిపోయింది. రక్షణ సర్క్యూట్ ఉంది కాబట్టి సరిపోయింది. లేకుంటే ట్రాన్సిస్టర్లు కాలేవి. కొసలు విప్పి, పోగులన్నీ కూడదీసి మళ్ళీ బిగించారు.

కొసలకు సోల్డరింగ్ పెడదామన్నారు ఎవరో. పెట్టకపోవడమే మంచిదైంది: సోల్డర్ మెత్తని లోహం, మర నొక్కుడుకు నెమ్మదిగా అణిగి బిగువు సడలుతుంది. బనానా ప్లగ్గులైతే ఆ బెడద ఉండదు.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక స్పీకరుకు మాత్రం తిరగబడితే ఏదీ కాలదు, కానీ ఒకదాని పొర ముందుకు వస్తుంటే రెండోదాని పొర వెనక్కి పోతుంది. డోలు, బేస్ గిటార్ పలచబడతాయి. రంగులు చెరిగిన చోట వైరును ఆంప్లిఫయర్ నుంచి విప్పి, 1.5 వోల్టుల సెల్లును క్షణంపాటు తాకిస్తే చాలు. ఊఫర్ పొర బయటికి కదిలితే సెల్లు ప్లస్ తాకిన కాలే ప్లస్.

ఏళ్ళు గడిచాక ఒలిచిన కొసలు నల్లబడి, తేమ ఇళ్ళలో పచ్చబడతాయి. అప్పుడు అంగుళం కత్తిరించి కొత్తగా ఒలవాలి. స్పీకరు వెనక అర మీటరు చుట్టి వదిలింది అందుకే.