లంగరు ఎలా ఎత్తాలి?

సీ ఆఫ్ థీవ్స్ ఆట మొదలుపెట్టిన కొత్తవాడికి తెర మీద దాదాపు ఏమీ కనపడదు. మిగతా ఆటల్లో అయితే ఒక మూలన బుల్లి మ్యాప్ ఉంటుంది, ఎటు వెళ్లాలో బాణం గుర్తు చెబుతుంది, చేయాల్సిన పనుల పట్టీ పక్కనే ఉంటుంది. ఇందులో ఉన్నవి సముద్రం, ఆకాశం, ఒక చెక్క ఓడ. బ్రిటన్‌లోని రేర్ స్టూడియో 2018 మార్చి 20న విడుదల చేసిన ఈ ఆటంటే నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం ఆ ఖాళీ తెరే.

ఓడ నడిపే ఆటలు ఇంకా ఉన్నాయి. 2013లో యుబిసాఫ్ట్ తెచ్చిన అసాసిన్స్ క్రీడ్ బ్లాక్ ఫ్లాగ్‌లో జాక్‌డా అనే ఓడ మీద కరీబియన్ సముద్రంలో తిరగడం గొప్ప అనుభవం. కానీ అక్కడ చుక్కాని పట్టినవాడు ఒక బటన్ నొక్కితే చాపలు సగం విచ్చుకుంటాయి, మళ్లీ నొక్కితే పూర్తిగా విచ్చుకుంటాయి. చాకిరీ అంతా ఆటలోని నావికులే చేస్తారు, చేస్తూ పాటలు కూడా పాడతారు. సీ ఆఫ్ థీవ్స్‌లో నావికులం మనమే. లంగరు ఎత్తాలంటే దాని గొలుసు చుట్టుకునే చక్రం దాకా నడిచి వెళ్లి, పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ నెట్టాలి. తెరచాప దించడానికి ఒక తాడు, దాన్ని గాలివాటానికి తిప్పడానికి ఇంకో తాడు. గాలి ఎటు వీస్తోందో చెప్పే గుర్తు తెర మీద ఉండదు. తలెత్తి చూస్తే ఆకాశంలో తెల్లటి చారలు సాగుతుంటాయి, అవే ఆనవాలు. చాపకు గాలి సరిగ్గా దొరికితే అది ఒక్కసారిగా ఉబ్బుతుంది, ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది.

మ్యాప్ ఎక్కడుందంటే, మెట్లు దిగి డెక్కు కిందికి వెళ్లాలి, అక్కడ బల్ల మీద పరిచి ఉంటుంది. చుక్కాని దగ్గరున్నవాడు దాన్ని చూస్తూ ఓడ నడపలేడు. అతని ముందుండేది దిక్సూచి ఒక్కటే. చాప పూర్తిగా దించితే ఎదురుగా ఉన్న బండరాయి కూడా అతనికి కనపడదు. కాబట్టి కింద మ్యాప్ చూసేవాడు "కొంచెం ఉత్తరానికి" అని కేకెయ్యాలి, ముందు నిలబడ్డవాడు "రాయి, రాయి, ఎడమకి తిప్పు" అని అరవాలి. ఇది చేతకాక వదిలేసిన లోపం కాదు. మనుషుల్ని మాట్లాడించడానికి పెట్టిన ఏర్పాటు. ఈ ఆటలో అన్నిటికన్నా ముఖ్యమైన మీట కీబోర్డు మీద లేదు, గొంతులో ఉంది.

ఆ సంగతి నాకంటే బాగా కనిపెట్టినవాడు మా బావ.

బావ విశాఖపట్నం షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, నెహ్రూ జల ఉష అనే ఓడను నీళ్లలోకి దింపిన యార్డు అది. ఉక్కు పలకల్ని కొలతకు కోసి, వంచి, ఒకదానికొకటి బిగించడం బావ పని. కట్టిన ఓడ స్లిప్‌వే మీద నుంచి జారి నీళ్లు తాకిన రోజున అందరితోపాటు చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేవాడు. అన్ని ఓడలు కట్టినా, ఒక్కదాని మీదా ప్రయాణం చేయలేదు.

వాళ్లబ్బాయి, అంటే నా మేనల్లుడు, డాలస్‌లో ఉద్యోగం చేస్తాడు. రిటైరయ్యాక నాన్నకు పొద్దుపోవడం లేదని వాళ్లమ్మ అంటే, మంచి కంప్యూటరు కొనిచ్చి, ఈ ఆట కూడా వేయించాడు. అంతకుముందు వాడి ఫోను రెండు మాటలతో సరిపోయేది. తిన్నారా, మందులు వేసుకున్నారా. బావ మూడో మాట అందుకునేసరికి వాడికి మీటింగు వచ్చేది. ఆట వచ్చాక ఒక ఒప్పందం కుదిరింది. ఇక్కడ ఆదివారం పొద్దున్న, అక్కడ శనివారం రాత్రి. స్లూప్ అనే చిన్న ఓడ, దానికి ఇద్దరు మనుషులు చాలు. "బటన్లన్నీ వచ్చేదాకా నేర్పుతాను నాన్నా, తర్వాత నువ్వే హాయిగా ఆడుకోవచ్చు" అన్నాడు మేనల్లుడు.

ఆదివారం పూట టిఫిను మా అక్క ఇంట్లోనే కాబట్టి ఆ పాఠాలు చాలావరకు నా ఎదుటే జరిగాయి.

బావ నేర్చుకున్న పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. అందరూ ఏ అక్షరం నొక్కితే ఏమవుతుందో వరసగా రాసుకుంటారు. బావ లాంగ్ నోటుబుక్కులో స్లూప్ నిలువుకోత బొమ్మ గీశాడు, యార్డులో డ్రాయింగు గీసినట్టు స్కేలుతో, పెన్సిలుతో. లంగరు చక్రం దగ్గర ఎఫ్, దాని పక్కన డబ్ల్యూ. చుక్కాని దగ్గర ఎఫ్, రెండు పక్కలా ఏ, డి. తాళ్ల దగ్గర, ఫిరంగుల దగ్గర, బల్ల దగ్గర ఎక్కడి అక్షరాలు అక్కడ. ఓడ బొమ్మకు వెలుపల క్యూ అని ఒక్కటే రాసి ఉంది. బకెట్టు, చెక్కలు, పార, దుర్భిణి, ఇవన్నీ వలయంగా తెరుచుకునే పట్టీ అది, మనిషి ఎక్కడున్నా అతని వెంటే ఉంటుంది. ఈ ఆటను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా సరైన దారి నాకు తెలియదు. మీటలు తెరకు చెందినవి కావు, ఓడకు చెందినవి. ఓడ తెలిసినవాడికి మీట వెతుక్కునే పని లేదు.

అంత చక్కగా బొమ్మ గీసుకున్న మనిషి, ఏ ఆదివారమైనా హెడ్‌ఫోను పెట్టుకోగానే అడిగే మొదటి మాట ఒకటే. "ఒరే, లంగరు ఎలా ఎత్తాలన్నావురా?"

మేనల్లుడు ఓపిగ్గా మొదలుపెట్టేవాడు. "ఎఫ్ నొక్కి పట్టుకో నాన్నా, డబ్ల్యూతో ముందుకు నెట్టు. ఆగు, నేనూ వస్తున్నా, ఇద్దరం నెడితే తొందరగా లేస్తుంది." అలా ఇద్దరూ, ఒకరు డాలస్‌లో, ఒకరు గాజువాకలో, ఒకే చక్రం చుట్టూ తిరిగేవాళ్లు. లంగరు లేచాక రెండో ప్రశ్న, చాప ఏ తాడని. ఆ తర్వాత చుక్కాని గురించి. అది నిజంగానే కష్టమైన భాగం. చక్రం కొంచెం తిప్పగానే ఓడ తిరగదు, ఆలస్యంగా కదులుతుంది. కదల్లేదని ఇంకా తిప్పితే, తిరగడం మొదలయ్యాక ఆగదు. వదిలేస్తే చక్రం తనంతట తాను మధ్యకు రాదు, వదిలిన చోటే ఉండిపోతుంది. బావ ప్రతివారం ఏదో ఒక దీవికి ఓడను గుద్దించేవాడు. అడుగున చెక్క పగిలి నీళ్లు చిమ్మేవి. మేనల్లుడు కంగారుగా బకెట్టు పట్టుకునేవాడు.

ఒకసారి అలా నీళ్లు చొరబడుతుంటే బావ గొంతు పెంచాడు. "తోడుతూ కూర్చోకురా, ముందు బొక్క మూయి. మూయకుండా ఎంత తోడినా దండగే." అని ఒక్కక్షణం ఆగి, గొంతు తగ్గించి, "అవునొరే, చెక్క ఏ బటనన్నావు?" అని అడిగాడు.

ఇంకో ఆదివారం పెద్ద ఓడ ఒకటి వెంటపడింది. గ్యాలియన్ అంటారు, నలుగురు నడిపేది, పక్కకు నాలుగు చొప్పున ఫిరంగులుంటాయి. స్లూప్‌కు పక్కకు ఒక్కటే. మేనల్లుడు ఇక అయిపోయిందన్నాడు. బావ చుక్కానిని ఒక పక్కకు పూర్తిగా తిప్పేసి, అలాగే వదిలేసి, పరుగున వెళ్లి లంగరు పడేశాడు. ఓడ ముక్కు ఒక్కచోట ఆగి, వెనకభాగం గిర్రున తిరిగి, మా ఫిరంగి సరిగ్గా గ్యాలియన్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది. ఎన్నో నెలలు ఆడి పండినవాళ్లు చేసే విన్యాసం అది. "నాన్నా, ఏం చేశావసలు?" అని వాడు అరిచాడు. "చాప అనుకుని నొక్కానురా, లంగరు పడిపోయింది" అన్నాడు బావ. ఆ చెయ్యి తడబడలేదని పక్కన కూర్చున్న నాకు తెలుసు. అడగాలనిపించింది కానీ, అప్పటికే ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడనంత సంబరంలో ఉన్నారు.

అయినా తర్వాతి ఆదివారం మళ్లీ లంగరు ప్రశ్నే.

ఈమధ్య ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బావ ఇంట్లో లేడు. వంజరం కోసం ఫిషింగ్ హార్బరుకు వెళ్లాడు. అక్క వంటగది గుమ్మంలో కూర్చుని పులుసుకు చింతపండు పిసుకుతోంది. మేనల్లుడి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టాం.

"మావయ్యా, నాన్న వచ్చేలోపు ఒక పని చేద్దాం. ఆ చిరుగుల చొక్కా తీసేసి ఆయన పైరేటుకు మంచి కోటు తొడుగుదాం. వచ్చి చూసుకుని మురిసిపోవాలి. నువ్వు కూర్చో, నేను చెబుతాను."

కూర్చున్నాను. ఆటలోని టావెర్న్‌లో గోడ పక్కన ఒక పెట్టె ఉంది. వాడు చెప్పినట్టే దగ్గరకు వెళ్లి ఎఫ్ నొక్కాను. లోపల టోపీలు, కోట్లు, బూట్లు, వరస తర్వాత వరస.

"ఇన్నున్నాయేంట్రా?" అన్నాను.

"అన్నెందుకుంటాయి మావయ్యా? నాన్న ఒక్కటీ కొనలేదు కదా. వేరే చోట తెరిచావేమో. టైటిల్స్ అని కనపడుతోందా? అది తెరిచి చదువు."

పేరు కింద తగిలించుకునే బిరుదులవి. ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు, వద్దంటే దాచేసుకోవచ్చు. ఒక్కొక్కటే చదువుతూ పోయాను. పైరేట్ లెజెండ్ అన్న చోట వాడు ఆపాడు.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఆ బిరుదు కొనుక్కుంటే వచ్చేది కాదు. నిధులు తవ్వి, సరుకులు మోసి, అస్థిపంజరాల నాయకులతో పోరాడి, ఆటలోని వర్తక సంఘాల్లో ఏవైనా మూడింటిలో 50వ స్థాయికి చేరితేనే ఇస్తారు. మేనల్లుడు కాలేజీ రోజుల నుంచి ఆడుతున్నాడు. వాడికింకా రాలేదు.

"అమ్మా" అన్నాడు. "నాన్న ఇది రోజూ ఆడతాడా?"

"రోజూనే. పొద్దున్న కాఫీ తాగి కూర్చుంటారు. అప్పుడు మీకు రాత్రి కదా, నువ్వు పడుకునుంటావు."

"లంగరు ఎత్తడం వచ్చా ఆయనకి?"

"ఎప్పుడో వచ్చింది. ఎవరో ఇటలీ కుర్రాళ్లకి ఈయనే నేర్పుతుంటారు, వచ్చీరాని ఇంగ్లీషులో."

వాడి గొంతు మారిపోయింది. "మరి నన్నెందుకమ్మా ఇలా చేయడం? వారమంతా పనిచేసి, శనివారం రాత్రి నిద్ర మానుకుని కూర్చుంటున్నాను. అన్నీ వచ్చి ఉండి, లంగరు ఎలా ఎత్తాలని ప్రతివారం నన్ను అడగడమేంటి?"

అక్క చెయ్యి చింతపండులోంచి తీయలేదు.

"నిన్ను మరింకేటడగమంటావురా? ఎప్పుడొస్తావని అడిగితే ఫోను పెట్టేస్తావు కదా!"