డ్రైవాల్ ఎస్టిమేటు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంట్ అను పట్టణము కలదు. అందొక తెలుగు గృహస్థుని ఇంట మేడమీది స్నానాలగది గొట్టము కారెను. ప్లంబరు వచ్చి, కారుచోటు వెదకుచు కింది హాలు గోడను జానెడు కోసి, గొట్టము మార్చి, బిల్లు అడుగున ‘డ్రైవాల్ రిపేర్ బై అదర్స్’ అని లిఖించి నిష్క్రమించెను. గృహస్థు వాట్సాప్ గ్రూపున “మంచి డ్రైవాల్ మనిషి ఎవరికైనా తెలుసా?” అని ప్రశ్నింపగా, “తెలిస్తే నాకూ చెప్పండి” అను ప్రత్యుత్తరములే వచ్చెను. పిమ్మట పిలిచిన ముగ్గురు కాంట్రాక్టర్లలో ఒకరు రాలేదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు పంపిన సూత్రమిది.

మూలము

ప్యాచ్, టేప్, త్రీ కోట్ మడ్, శాండ్, మ్యాచ్ ఎగ్జిస్టింగ్ టెక్స్చర్. పెయింట్ బై అదర్స్.

ప్రతిపదార్థము

ప్యాచ్ = కన్నమునకు సరిపడు జిప్సమ్ ముక్కను; టేప్ = అతుకులపై కాగితపు పట్టీని; త్రీ కోట్ మడ్ = ఒకటి ఆరిన పిమ్మట ఒకటిగా అతుకుల ముద్ద పూతలు మూడింటిని; శాండ్ = గరుకు కాగితముతో రుద్దుటను; మ్యాచ్ ఎగ్జిస్టింగ్ టెక్స్చర్ = పాత గోడ గరుకుతో కొత్త ముక్కను కలుపుటను, (నేను చేయుదునని అధ్యాహారము); పెయింట్ = రంగు వేయుట; బై అదర్స్ = ఇతరులచేత.

తాత్పర్యము

కన్నము పూడ్చెదను. పూడ్చినట్లు కనబడకుండుట నా పూచీ కాదు.

విశేషాంశములు

ప్యాచ్: ఇక్కడ తెనాలి నుంచి వచ్చి ఉన్న మామగారిది పూర్వపక్షం. “అల్లుడుగారూ, కన్నం పూడ్చమంటే ఇతను రంపం తీసి ఇంకా పెద్దది చేస్తున్నాడేమిటి? మన ఊళ్లో అయితే మేస్త్రీ ఇంత సిమెంటు కొట్టి అరగంటలో వెళ్లిపోయేవాడు.” సిద్ధాంతం ఏమంటే, తెనాలి గోడ ఇటుకది, సిమెంటు పట్టుకోవడానికి లోపల గోడ ఉంది. ఇక్కడ గోడంటే రెండు కాగితాల నడుమ జిప్సమ్ నింపిన అరంగుళం పలక. మామూలుగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టిన కర్ర స్టడ్లకు దాన్ని స్క్రూలతో బిగిస్తారు. కన్నాన్ని నలుచదరంగా స్టడ్డు దాకా కోస్తేనే కొత్త ముక్కకు ఆధారం దొరుకుతుంది. స్టడ్డు అందకపోతే వెనక చెక్కముక్క బిగించాలి. మామగారు సమాధానం విన్నారు గాని ఒప్పుకోలేదు. “కాగితం గోడలకా ఇంత పోశారు?” అన్నారు. దీనికి శాస్త్రంలో జవాబు లేదు.

టేప్: ఇది లేకపోతే అతుకు మీద బీట పడుతుంది. ఇంతకుమించి వ్యాఖ్య అక్కర్లేదు.

త్రీ కోట్ మడ్: బిల్లు మర్మమంతా ఈ సమాసంలో ఉంది. ఆగస్టీన్ శాకెట్ 1894లో జిప్సమ్ పలకకు పేటెంటు పొందకముందు, అమెరికా ఇళ్లలో సన్నని చెక్కబద్దల మీద తడి ప్లాస్టరు పూసి వారాల తరబడి ఆరనిచ్చేవారు. ఆ బాధ తప్పించడానికి వచ్చిందే ఈ పొడి గోడ. అయినా అతుకుల దగ్గర తడి తప్పలేదు. డబ్బాలో కలిపి వచ్చే మడ్డు ఒక్కో పూత ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుచేత కాంట్రాక్టరు పని గంట, రాకపోకలు మూడు రోజులు. కన్నం జానెడు, బిల్లు బారెడు అని గృహస్థు వాపోతాడు గాని, ఇక్కడ వెల కన్నానికి కాదు, ట్రక్కు వచ్చిన సార్లకు. పొడి సంచుల్లో వచ్చే ‘హాట్ మడ్’ వేరే జాతి. సంచి మీద 20, 45, 90 అని నిమిషాలు వేసి ఉంటాయి, ఆ వ్యవధికే గట్టిపడుతుంది. చిన్న మరమ్మతును ఒకే రోజులో ముగించే కాంట్రాక్టరు ఇదే వాడతాడు. కాబట్టి ‘ఎంత?’ కన్నా ముందు ‘ఎన్నిసార్లు వస్తారు?’ అని అడగడం ఉత్తమం.

శాండ్: ప్లాస్టిక్ పట్టా కట్టకుండా రుద్దితే దేవుడి గదిలో పటాలన్నిటికీ విభూతి పెట్టినట్టవుతుంది. ‘డస్ట్ కంట్రోల్’ అనే మాట మూలంలో లేదు. అడిగి చేర్పించుకోవాలి.

కాలనిర్ణయం: తాళపత్రానికి లాగే ఇంటికీ ఇది ముఖ్యం. అమెరికాలో ఆస్బెస్టాస్ కలిసిన ప్యాచింగ్ కాంపౌండ్లను నిషేధించింది 1977లో. అంతకుముందు కట్టిన ఇంట్లో అతుకుల మీది మడ్డునూ, పైకప్పుకు ఉన్న పాప్‌కార్న్ పూతనూ ల్యాబ్ పరీక్ష లేకుండా గీకరాదు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండవచ్చు. దాన్ని గదిలో ఆరు చదరపు అడుగులకు మించి కదిపే సంస్థకు ఫెడరల్ నియమం ప్రకారం ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి.

మ్యాచ్ ఎగ్జిస్టింగ్ టెక్స్చర్: ఈ సూత్రానికి ప్రాణం ఇదే. ఇక్కడ అలంకార చర్చ తప్పదు. గోడల గరుకు నానావిధం. నారింజ తొక్క పేరు మోసే ఆరెంజ్ పీల్ ఒకటి; చల్లిన మడ్డును వెడల్పాటి కత్తితో అణచే నాక్‌డౌన్ మరొకటి. నున్నటి గోడ అన్నిటికన్నా కష్టం, దాచడానికి గరుకే లేదు. పైగా ‘ఎగ్జిస్టింగ్’ అన్నది నిన్నటి గరుకు కాదు. దాని మీద ఏళ్ల తరబడి పడిన రంగు పొరలు బుడిపెలను మొద్దుబార్చి ఉంటాయి. స్ప్రే డబ్బాతో కొత్తగా చల్లింది మాత్రం పదునుగా నిలుస్తుంది. కాంట్రాక్టరు రూపకం ప్రతిజ్ఞ చేస్తాడు: ఈ ముక్కే ఆ గోడ. పని ముగిసేసరికి అది ఉపమలోకి దిగుతుంది: ఈ ముక్క ఆ గోడ వంటిది. సాయంత్రం పక్కనుంచి ఎండ పడినప్పుడు వ్యతిరేకాలంకారం బయటపడుతుంది. గృహస్థు కోరవలసింది భ్రాంతిమంతం, అంటే చూసినవాడు కొత్త ముక్కనే పాత గోడ అనుకోవాలి. నేర్పున్నవాడు ముందు అట్టముక్క మీద చల్లి, గోడ పక్కన పెట్టి చూసుకుంటాడు. ఎస్టిమేటుకు వచ్చినప్పుడే ఆ మాట తనంతట తాను ఎత్తినవాడికి నేను తక్కినవన్నీ క్షమిస్తాను.

అధికారి: ఈ శాస్త్రానికి ఎవరు అర్హులు? కాలిఫోర్నియాలో సి-9 లైసెన్సు కలవారు. 2025 నుంచి, మొత్తం వెయ్యి డాలర్లలోపు ఉండి, పర్మిట్ అక్కర్లేని, సహాయకులను పెట్టుకోని పనికి లైసెన్సు లేకున్నా చెల్లుతుంది. అంతకుముందు ఆ హద్దు ఐదువందలు. లైసెన్సు నంబరును రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇంటి మరమ్మతు ఒప్పందానికి అడ్వాన్సు పదో వంతో, వెయ్యి డాలర్లో, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. సగం ముందే ఇమ్మనేవాడు ఎంత మృదుభాషి అయినా అనధికారి.

బై అదర్స్: ఎవరీ ఇతరులు? ప్లంబరుకు ‘ఇతరుడు’ డ్రైవాల్ మనిషి. డ్రైవాల్ మనిషికి పెయింటరు. పెయింటరు ఎస్టిమేటులో ‘ఫర్నిచర్ మూవింగ్ బై అదర్స్’ అని ఉంటుంది. ఇది అనవస్థాదోషం అని తార్కికులు ఆక్షేపిస్తారు. కాదు, సోఫా దగ్గర పరంపర ఆగుతుంది. ఆ ఇతరుడు గృహస్థే, రెండో కొస మామగారిది. గరాజులో బిల్డరు వదిలిపోయిన పాత రంగు డబ్బా ఉంది కదా, మనమే పూస్తే? పూయవచ్చు. కాని ప్రైమరు వేయకపోతే కొత్త మడ్డు రంగును పీల్చి ఆ మేర కాంతి తగ్గుతుంది. వేసినా, గోడ రంగు ఇన్నేళ్లకు మారిపోయి ఉంటుంది గనుక ఆ మూల నుంచి ఈ మూల దాకా మొత్తం గోడ పూయాల్సిందే.

పాఠాంతరం: వచ్చిన మరో కాంట్రాక్టరు ప్రతిలో చివర ‘ప్రైమ్ అండ్ పెయింట్ ఫుల్ వాల్’ అని ఉంది. వెల ఎక్కువని గృహస్థు దాన్ని ప్రక్షిప్తంగా తోసిపుచ్చాడు. పెయింటరు ఎస్టిమేటు చేతికొచ్చాక, పరిష్కర్తలు ఆ పాఠమే గ్రాహ్యమని నిర్ణయించారు.

గద్యము

ఇది గొట్టము కారుట, గోడ కోయుట, కన్నము పూడ్చుట యను కథలు గల గృహమరమ్మతు ప్రబంధమునందు ద్వితీయాశ్వాసము. తృతీయాశ్వాసమునకు పెయింటరు మంగళవారము ఉదయము ఎనిమిదికిని మధ్యాహ్నము పన్నెండుకును నడుమ వేంచేయును; ఆ వేళ ఇంట పెద్దవారొకరు ఉండవలెను.