నేను గనిలో పుట్టలేదు

నేనో ఉంగరాన్ని. నా ఒళ్లు పద్దెనిమిది క్యారెట్ల బంగారం. లోపలి అంచున బీఐఎస్ గుర్తు, 750 అన్న సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉంటాయి. నెత్తిన నాలుగు బంగారు కొక్కేల మధ్య 30 సెంట్ల వజ్రం. రాళ్ల బరువు కొలిచే క్యారెట్‌లో నూరో వంతు సెంటు, గ్రాములో ఐదో వంతు క్యారెట్. అంటే ఆ రాయి బరువు 60 మిల్లీగ్రాములే.

ఆ రాయి సూరత్‌లో, యంత్రంలో పుట్టింది. పల్చటి వజ్రపు పలకను విత్తనంగా పెట్టి, మీథేన్, హైడ్రోజన్ వాయువులు పంపి విపరీతంగా వేడి చేస్తే, మీథేన్‌లోని కార్బన్ దాని మీద పొరలు పొరలుగా పేరుకుంది. భూగర్భంలో జరిగే పని యంత్రంలో కొన్ని వారాల్లో పూర్తయింది. గని వజ్రంలో ఉన్నదీ ఇదే కార్బన్, గట్టిదనమూ ఇదే. 2023లో ప్రధాని మోదీ జిల్ బైడెన్‌కు కానుకగా ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రమూ నా రాయి జాతిదే. నా రాయి పుట్టుక చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. దాన్ని దాచి అమ్మేవాళ్లంటేనే నాకు కోపం.

నన్ను కొన్నవాళ్లది ఎల్లారెడ్డి. పోచారం ప్రాజెక్టు నీళ్లతో వరి పండిస్తారు. కొడుకు దుబాయ్‌లో డ్రైవరు, ఎంగేజ్‌మెంట్ కోసం సెలవు మీద వచ్చాడు. తల్లిని, అక్కను తీసుకుని బస్సులో కామారెడ్డి వచ్చి, సిరిసిల్ల రోడ్డులో మా దుకాణం మెట్లెక్కాడు. కాబోయే కోడలి పాత ఉంగరం కొలతకని అక్క వెంట తెచ్చింది. దారంతో తీసే కొలత కంటే అదే నమ్మకం.

దుకాణం లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది. అక్కకు ఆ సంగతి తెలుసు. "అన్నా, జర బయట వెలుతుర్ల సూపియ్యవా" అని నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లింది. వజ్రం రంగును డి నుంచి జెడ్ దాకా అక్షరాలతో చెబుతారు. డి అంటే రంగే లేనిది. నాది జి. పసుపు బంగారంలో పొదిగితే డి కీ జి కీ తేడా మామూలు కంటికి ఆనదు. ఆ తేడాకు డబ్బు పోయడం కంటే సానపట్టిన తీరు చూడటం మేలు, ఎందుకంటే మెరుపు వచ్చేది కోత నుంచే.

తల్లి అసలు ప్రశ్న అడిగింది. "సేటూ, గిది భూమిల దొరికిందా, మిషన్ల చేసిందా? నిజం చెప్పు."

సేటు నిజమే చెప్పాడు. అంతే బరువున్న గని రాయి ఉంగరాన్ని నా పక్కన పెట్టాడు. దాని ధర నా ధరకు ఎన్నో రెట్లు. రేపు అమ్మబోతే నా బంగారానికే విలువ కడతారనీ, రాయికి పెద్దగా రాదనీ కూడా చెప్పాడు. దుకాణాల్లో వజ్రాన్ని చూసే పెన్ను లాంటి పరికరం మా ఇద్దరి రాళ్లనూ వజ్రమనే అంటుంది. తేడా తేల్చేది ల్యాబే. అందుకే నా రాయి నడుము చుట్టూ లేజర్‌తో చెక్కిన నంబరును, సర్టిఫికెట్ మీది నంబరును భూతద్దం కింద కలిపి చూపించాడు.

కొడుకు మనసు గని రాయి మీదికి పోయింది. "పుస్తె మట్టెలకు పైసలుండాలె గద బిడ్డా" అంది తల్లి. "మా కాలంల వరపూజకు పిలగానికే ఉంగురం పెడ్తుండె. పిల్లకు గీ వజ్రం ఎక్కడిది?"

ఆమె మాట నిజం. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడంటారు. ఆ ఆచారాన్ని మామూలు ఇళ్లలోకి తెచ్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దపు డీ బీర్స్ ప్రకటనలు. వజ్రం శాశ్వతమన్న వాళ్ల నినాదం 1947 నాటిది. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో మనవాళ్లు వజ్రాలు తవ్వి, గోల్కొండ పేరుతో లోకానికి పంపారు. తవ్వినవాళ్ల ఇళ్లలో ఆడపిల్లలకు పుస్తె మట్టెలే పెళ్లి గుర్తులు.

చివరికి నన్నే తీసుకున్నారు. "మిషన్‌దని పిల్లకు గూడ ముందే చెప్పాలె. దాపెట్టి లగ్గం జేసుడు వద్దు" అని తల్లి అక్కడే తేల్చేసింది. నన్ను గర్వపడేలా చేసిన మాట అది. కొడుకు దుకాణం నుంచే ఫోన్ చేశాడు. "రాయి సిన్నగున్నా మంచిదే, అప్పు మాత్రం చెయ్యకుండ్రి" అంది ఆ అమ్మాయి.

బిల్లు మీద బంగారం బరువు గ్రాముల్లో, రాయి బరువు క్యారెట్లలో, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేరువేరుగా రాయించారు. ల్యాబ్‌లో తయారైన వజ్రం అన్న మాటా రాయించారు. మీరు కొన్నా అలాగే రాయించుకోండి. హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడే సరిచూసుకోండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.