రాష్ట్రపతి ప్రసంగాన్ని వినకుండానే తూచడం ఎలా?

ముప్పై ఏళ్ళుగా రాష్ట్రపతి ప్రసంగాల మీద విశ్లేషణలు రాస్తున్నాను. వాటిలో నేను పూర్తిగా విన్నవి రెండే. ఒకసారి కరెంటు పోయి, ట్రాన్సిస్టర్ తప్ప దిక్కులేక విన్నాను. ఇంకోసారి రైలు నాలుగు గంటలు లేటై, స్టేషన్లో టీవీ ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. నేను రాసినవాటిలో సరిగ్గా కుదరనివి ఆ రెండే. వింటే అనుమానాలు పుడతాయి. అనుమానాలున్నవాడికి ఏ పత్రికా కాలమ్ ఇవ్వదు. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందని నా అనుభవమంతా ఇక్కడ కుమ్మరిస్తున్నాను.

ముందుగా, తీర్పు ముందురోజే రాసిపెట్టుకోండి. నా బల్ల సొరుగులో ఎప్పుడూ రెండు కవర్లు ఉంటాయి. ఒకదాని మీద ‘జాతికి దిశానిర్దేశం’, రెండోదాని మీద ‘ఊకదంపుడు’ అని ఉంటుంది. ఏది పంపాలో ప్రసంగం చెప్పదు. ఢిల్లీలో కుర్చీ ఎవరిది, మన ఎడిటర్‌గారు ఎవరి పెళ్ళికి వెళ్ళొచ్చారు, ఈ రెండూ తెలిస్తే చాలు.

ఇక అసలు మెలకువ. రాష్ట్రపతి ప్రసంగాలన్నీ ఒకటి కావని కొందరు చాదస్తులు అంటారు. ఏటా మొదటి సమావేశాలప్పుడు, సార్వత్రిక ఎన్నికలయ్యాక ఒకసారి, ఉభయసభల ముందు రాష్ట్రపతి చదివేది రాజ్యాంగం 87వ అధికరణం కింద చేసే ప్రసంగం. దాన్ని తయారుచేసేది ప్రభుత్వం, ఆమోదించేది కేబినెట్. జనవరి 25న, ఆగస్టు 14న సాయంత్రం జాతినుద్దేశించి మాట్లాడేది వేరే. రాష్ట్రపతి సొంత గొంతు వినబడే అవకాశం కాస్తయినా ఉండేది అక్కడే. ఈ తేడా పాఠకుడి చెవిన పడిందా, మన దుకాణం మూసుకోవాల్సిందే. కాబట్టి రెండింటినీ పప్పూ చారూ కలిపినట్టు కలిపేయండి.

శుభలేఖ చూడండి. పైన తాతగారి పేరుంటుంది, పిలుపంతా ఆయన పిలిచినట్టే ఉంటుంది. ముహూర్తం ఎవరు పెట్టించారో, వంటవాళ్ళకి అడ్వాన్సు ఎవరిచ్చారో పాపం ఆయనకి తెలీదు. పార్లమెంటులో రాష్ట్రపతి నోట వచ్చే ‘నా ప్రభుత్వం’ అనే మాట కూడా అలాంటిదే. మీరు మాత్రం శుభలేఖలో అచ్చుతప్పు దొరగ్గానే నేరుగా తాతగారి దగ్గరికెళ్ళి నిలదీయండి. ఎంపీలకి ఈ సుఖం లేదు. ఆ ప్రసంగానికి జవాబుదారీ ప్రభుత్వమే గనుక ధన్యవాద తీర్మానం మీద చర్చలో రాష్ట్రపతి పేరెత్తి తప్పుపట్టకూడదు. ఆ చర్చకి జవాబు చెప్పేది కూడా ప్రధానమంత్రే. మనం ఎంపీలం కాదు గదా!

పండగ ముందురోజు ప్రసంగాల గురించి రాసేటప్పుడు ‘అన్నీ శుభాకాంక్షలే, అందులో సరుకేముంది’ అని తేల్చెయ్యండి. దీనికి అడ్డొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. దాచాలంటే ముందు తెలిసుండాలి కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1967 గణతంత్ర దినోత్సవ సందేశంలో, అంతటా వ్యాపించిన అసమర్థతనీ, వనరుల్ని దారుణంగా పాడుచేయడాన్నీ క్షమించలేమనేశారు. మరుసటి నెలలోనే సార్వత్రిక ఎన్నికలు! 2000 జనవరి 25న కె.ఆర్. నారాయణన్, ఎన్నాళ్ళుగానో ఓర్చుకుంటున్న జనం ఆగ్రహంతో జాగ్రత్త అన్నారు. 2014లో ప్రణబ్ ముఖర్జీ, ప్రభుత్వమంటే దానధర్మాల దుకాణం కాదు, జనాన్ని మెప్పించే అరాచకం పాలన కాదు అన్నారు. ఢిల్లీ ముఖ్యమంత్రి నడిరోడ్డు మీద ధర్నా చేసి అప్పటికి వారం కూడా కాలేదు. ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది.

ఇలాంటి వాక్యం ప్రసంగంలో ఎక్కడైనా తగిలితే చూడనట్టు దాటిపోయి, సైనికులకీ రైతులకీ కృతజ్ఞతలు చెప్పిన పేరా పట్టుకుని రెండు కాలాలు నడపండి. నారాయణన్‌గారు నన్ను ఇంకోసారి కూడా ఇబ్బంది పెట్టారు. 1998 ఆగస్టులో మామూలు ప్రసంగం మానేసి, పాత్రికేయుడు ఎన్. రామ్ అడిగిన ప్రశ్నలకి జవాబులిచ్చారు. ఆ ఏడు నా కవర్లు రెండూ వృథా.

కొలతల సంగతికొస్తే, మాటల కన్నా చప్పుడు నమ్మకమైనది. పార్లమెంటులో బల్లలు ఎన్నిసార్లు చరిచారో లెక్కపెట్టండి. చరిచేది ఎవరు అని మాత్రం అడక్కండి. తమ ప్రభుత్వం రాసిన వాక్యానికి తమ ఎంపీలే బల్ల చరిస్తే, అది వంటవాడు తన పప్పు తనే రుచి చూసి లొట్టలేసినట్టుందని ఎవరో అంటారు. పట్టించుకోకండి. చీర రంగు, కళ్ళజోడు సర్దుకున్న తీరు, తాగిన మంచినీళ్ళు, అన్నీ రాసుకోండి. 2025 జనవరి 31న ప్రసంగం అయ్యీ కాకముందే, రాష్ట్రపతి చివరికొచ్చేసరికి అలసిపోయారని ఒక సీనియర్ నాయకురాలు అన్నారు. ఎక్కడా అలసిపోలేదని రాష్ట్రపతి భవన్ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. రెండ్రోజులు దేశమంతా అలసట మీదే చర్చ. ప్రసంగంలో ఏముందో చెప్పాల్సిన అవసరం ఒక్కరికీ రాలేదు. అంతకన్నా గొప్ప విశ్లేషణ నేనింతవరకూ చూడలేదు.

తెలుగు పాఠకుడికి తెలుగు ముక్క ఒకటి కావాలి. ఆ మధ్య ఢిల్లీలో గురజాడని తలుచుకున్నారు కదా, దాన్ని రాష్ట్రపతి ఖాతాలో వేసేయండి. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ చదువుతూ నిర్మలా సీతారామన్ తలుచుకున్నారని ఎవరైనా ఉత్తరం రాస్తే, సవరణ లోపలి పేజీలో చిన్నక్షరాల్లో వేస్తారు.

లోపాలు పట్టడం అన్నిటికన్నా తేలిక. ప్రసంగంలో లేనిదేదో చెబితే చాలు. మా ఊరి వంతెన ప్రస్తావన లేదు, మా మేనల్లుడి బదిలీ ఊసు లేదు. నిజానికి రాజ్యసభలో కూడా లోపం పట్టేది ఇలాగే. ఫలానా విషయం ప్రసంగంలో లేనందుకు విచారిస్తున్నాం అని ధన్యవాద తీర్మానానికి సవరణ పెడతారు. 2015 మార్చిలో సీతారాం ఏచూరి, అవినీతినీ నల్లధనాన్నీ అరికట్టలేకపోయిన సంగతి ప్రసంగంలో లేదని సవరణ పెట్టి ఓటింగుకి పట్టుబట్టారు. 118 మంది అవునన్నారు, 57 మంది కాదన్నారు. మరుసటి ఏడు గులాం నబీ ఆజాద్ పెట్టినదీ నెగ్గింది. రాజస్థాన్, హర్యానాల్లో పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే ఇంత చదువుండాలన్న నిబంధన మీద ఆ సవరణ. వాళ్ళు ఒక్క విషయం ఎంచుకుని, దానికి బాధ్యులెవరో చూసి, ఓటు దాకా లాగారు. మీరంత కష్టపడొద్దు. ‘నిరుద్యోగం, ధరలు, నైతిక విలువలు, యువత’ అని నాలుగూ ఒకే వాక్యంలో పడేయండి. ఏ ఏడు ప్రసంగానికైనా సరిపోతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. మా వీధి చివర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. ఆయన దగ్గర కూర్చోకండి. నిరుటి ప్రసంగం, ఈ ఏటి ప్రసంగం పక్కపక్కన పరుచుకుని, ఎర్ర పెన్సిలుతో క్రియాపదాల కింద మాత్రమే గీతలు గీస్తుంటారు. ‘చేయనుంది’ అన్నది మరుసటి ఏడు ‘చేస్తోంది’ అయిందా, ఆ పైయేడు ‘చేసింది’ అయిందా, లేక చడీచప్పుడు లేకుండా జారిపోయిందా అని చూస్తారు. ఇన్ని కోట్ల గ్యాస్ కనెక్షన్లు అని చదవగానే, రెండో సిలిండర్ తెచ్చుకున్నవాళ్ళెందరు అంటారు. ఇంత శాతం పెరిగింది అంటే, ఏ ఏటితో పోల్చి అంటారు. 2022కల్లా రైతుల ఆదాయం రెట్టింపు చేయడానికి కట్టుబడి ఉన్నామని 2018 ప్రసంగంలో ఉంది కదా, గడువు దాటాక ఆ మాటకి లెక్క ఎక్కడ చెప్పారు, మీరు విశ్లేషకులు కదా చెప్పండి అని ఒకరోజు నన్నే అడిగారు. కాఫీ చల్లారిపోతోందని చెప్పి గబగబా తాగేసి వచ్చేశాను. పార్లమెంటును ఎందుకు పిలిచారో చెప్పడం కోసమే ఈ ప్రసంగమని 87వ అధికరణంలో రాసుందిట. గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు.

ఆయన రాసింది ఏ పత్రికలోనూ రాలేదు. నాది వస్తోంది. గణతంత్ర దినోత్సవానికి పత్రికాఫీసులకి సెలవు గనుక 27న పేపరు రాదు. మన వ్యాసం అచ్చయ్యేసరికి 28. అప్పటికి జనవరి 25 రాత్రి ఏం విన్నారో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి నిశ్చింతగా రాయండి. కవర్లు కావాలంటే నా దగ్గరున్నాయి.