నా జాబితా తప్పలేదు

నేను రాసిన మాక్ డ్రాఫ్ట్ ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. తప్పింది టీమ్‌లే. ఫలానా కుర్రాణ్ణి తీసుకోండి నాయనా అని నెల ముందే రాసిపెట్టాక కూడా పోయి పోయి ఇంకెవణ్ణో తీసుకుంటే దానికి నేను పూచీనా? మా ఆవిడ ఈ వాదన ఒప్పుకోదు. "అయితే ఆ టీమ్‌లు మీకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాలి. నంబరు ఇచ్చారా?" అంటుంది.

మేముండేది డాలస్ శివార్లలో. ఇక్కడి మనవాళ్ళు క్రికెట్‌కి కట్టుబడి ఉంటారు; నేను దారి తప్పి బాస్కెట్‌బాల్లో పడ్డాను. అందులోనూ ఆట మీద కన్నా ఆటగాళ్ళను పంచుకునే రాత్రి మీద పిచ్చి. ఏటా జూన్‌లో ఎన్‌బీఏ కొత్త కుర్రాళ్ళను తన 30 టీమ్‌లకూ రెండు రౌండ్లలో పంచుతుంది. ఐపీఎల్‌లాగా వేలంపాట కాదు, డబ్బున్నవాడు చెయ్యెత్తితే కుదరదు. వంతు వచ్చినప్పుడు ఒక పేరు చెప్పాలి, అంతే. ఎవరు ఎవరి పేరు చెబుతారో ముందే ఊహించి రాసే జాబితా పేరే మాక్ డ్రాఫ్ట్.

ఇదంతా తెనాలిలో ఉన్న నాన్నకు ఒకసారి ఫోన్‌లో చెప్పాను.

"ముందు వంతు ఎవడిదిరా?"

"బాగా ఓడిపోయిన టీమ్‌ది నాన్నా."

"ఓడినవాడికి బహుమానమా? మరి ఓడటానికి పోటీ పడరూ?"

"పడతారు. సీజన్ చివర్లో మంచి ఆటగాళ్ళకు ఉన్నట్టుండి మడమ నొప్పులు వస్తాయి."

"ఒరేయ్, నువ్వు అమెరికాలోనే ఉన్నావా?" అన్నాడాయన, కాస్త ఆప్యాయంగా.

ఈ ఓటమి పందెం మరీ ముదరకూడదనే 1985లో ముందు వంతులకు లాటరీ పెట్టారు. ఆ ఏడాది కవర్లు తీశారు. మొదటి వంతు న్యూయార్క్ నిక్స్‌కు తగిలింది, అందరి కన్నూ ఉన్న పాట్రిక్ యూయింగ్ అక్కడికి వెళ్ళాడు. ఆ ఒక్క కవరునూ ముందుగా ఫ్రిజ్‌లో పెట్టారనీ, చేతికి చల్లగా తగిలినదాన్నే కమిషనర్ పైకి తీశాడనీ నమ్మేవాళ్ళు నలభై ఏళ్ళు దాటినా బతికే ఉన్నారు. తర్వాత బంతులు వచ్చాయి. 1 నుంచి 14 దాకా అంకెలున్న బంతుల్లోంచి నాలుగు తీస్తారు. ఇంటర్లో లెక్కలు చదివినవాళ్ళు ఈపాటికే వేసేసి ఉంటారు: 1001 కూర్పులు. వాటిలో 1000 టీమ్‌లకు పంచి, మిగిలిన ఆ ఒక్కటీ వస్తే మళ్ళీ తీస్తారు.

2025 ఫిబ్రవరిలో మా డాలస్ మావరిక్స్ వాళ్ళు తమ పెద్ద స్టార్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేశారు. ఊరు ఊరంతా మైల పట్టింది. మే నెలలో లాటరీ వచ్చింది. మా వాళ్ళ చేతిలో ఉన్నవి 1000కి 18 కూర్పులు, అంటే 1.8 శాతం. అదే తగిలింది! కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మా వాడయ్యాడు. 17 ఆటలు గెలిచి, 65 ఓడి, అడుగున నిలిచిన యూటా జాజ్‌కు అయిదో స్థానం దక్కింది. ఈ సంగతి చెబితే నాన్న యూటా పక్షం చేరాడు. "అంత నిష్ఠగా ఓడినవాళ్ళకు ఇదా ఫలితం?"

లాటరీకీ డ్రాఫ్ట్‌కీ మధ్య ఆరేడు వారాలు ఉంటాయి. నాకు సీజన్ అదే. ఆఫీసు మీటింగుల్లో నేను రాసుకుంటూ కనిపిస్తే అది ప్రాజెక్టు కోసమని మా మేనేజర్ అనుకుంటాడు. ఆయన నమ్మకాన్ని ఎందుకు చెడగొట్టాలి?

మే నెలలో షికాగోలో కుర్రాళ్ళనందరినీ నిలబెట్టి కొలుస్తారు. చెప్పులు లేకుండా ఎత్తు, చెయ్యి పైకెత్తితే ఎత్తు, రెండు చేతులూ చాపితే బార. బార ఎత్తు కన్నా అర అడుగు ఎక్కువుంటే విశ్లేషకుల గొంతు వణుకుతుంది. కుర్రాడికి బంతి వెయ్యడం వచ్చా రాదా అన్నది తర్వాత నేర్పించుకోవచ్చు; చేతులు పొడిగించే కోచ్ ఎవడూ లేడుగా. 2007లో కెవిన్ డ్యురాంట్ చేత 185 పౌండ్ల బరువు ఎత్తించబోతే ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. ఎంత గోల చేశారో అప్పట్లో! ఆ తర్వాత పాతికేసి, ముప్ఫయ్యేసి పాయింట్లు ఎత్తుకుపోతుంటే ఆ బరువు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒక కుర్రాడి ఆట చూడకుండా అతని గురించి నాలుగు వాక్యాలు రాయడం ఎలాగో ఈ కాలంలోనే నేర్చుకున్నాను. పందొమ్మిదేళ్ళవాడైతే "అప్‌సైడ్ ఉంది" అనాలి. ఇరవై మూడేళ్ళవాడైతే "రేపే ఆడగలడు" అనాలి, అది పొగడ్తలా ధ్వనించినా వాడి పని అయిపోయిందని అందరికీ అర్థమవుతుంది. యూరప్ వాడైతే "ఆట తెలిసినవాడు". ఏమీ తోచకపోతే "మోటార్ బాగుంది" అని వదిలెయ్యాలి. 2014లో టొరంటో వాళ్ళు బ్రూనో కబోక్లో అనే బ్రెజిల్ కుర్రాణ్ణి 20వ స్థానంలో తీసుకున్నప్పుడు ఫ్రాన్ ఫ్రషిల్లా అనే వ్యాఖ్యాత టీవీలో ఒక మాటన్నాడు: ఇతను ఇంకా రెండేళ్ళలో తయారవుతాడని చెప్పడానికే ఇంకో రెండేళ్ళు పడుతుందట. ఈ శాస్త్రం మొత్తానికి అంతకన్నా నిజాయితీ గల వాక్యం నేను వినలేదు.

అసలు చిక్కు ఆటగాళ్ళతో కాదు. ఎవడు బాగా ఆడతాడో ఊహించమంటే ఎవరైనా ఊహిస్తారు. ఎవడు ఎక్కడికి పోతాడో చెప్పాలంటే 30 ఆఫీసుల్లో కూర్చున్న మనుషుల మనసులో ఏముందో తెలియాలి. ఆ మనుషులందరికీ అబద్ధం చెప్పడంలో లాభం ఉంది! అయిదో వంతు టీమ్‌కు ఒక కుర్రాడి మీద కన్నుంటే, నాలుగో వంతు వాడికి వినపడేలా ఇంకో కుర్రాణ్ణి పొగుడుతుంది. కుర్రాడి ఏజెంటు తనకు నచ్చని ఊరికి వైద్య పరీక్షల కాగితాలు పంపడు, నచ్చిన ఊరికి ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. 2025లో ఏస్ బెయిలీ ఫిలడెల్ఫియాకు వస్తానని చెప్పిన వర్కవుట్ రద్దు చేసుకున్నాడు. అతని చేత ప్రత్యేకంగా ఒక్క వర్కవుటూ చేయించకుండానే, మన నిష్ఠాపరులైన యూటా వాళ్ళు అయిదో స్థానంలో తీసుకున్నారు. విలేకర్లు ఈ అబద్ధాలన్నీ జాగ్రత్తగా పోగుచేసి, మధ్యస్థం తీసి, మాక్ డ్రాఫ్ట్ అని అచ్చువేస్తారు. దాన్ని టీమ్‌లు చదువుతాయి. ఓహో, ఈ కుర్రాడికి ఇంత గిరాకీ ఉందా అని తమ జాబితాలో రెండు మెట్లు పైకి జరుపుతాయి. తాము చెప్పిన అబద్ధాన్నే నెల తిరక్కుండా వార్తగా చదివి కంగారు పడే వ్యాపారం ఇంకొకటి ఉంటే చెప్పండి, అందులోనూ జాబితా వేస్తాను.

2022లో డ్రాఫ్ట్ రోజు పొద్దున ఏడ్రియన్ వోజ్నరౌస్కీ లాంటి విలేకరే, ఆయన మాట అప్పట్లో ఎన్‌బీఏలో వేదం, మొదటి మూడు పేర్లు దాదాపు ఖాయమయ్యాయని చెప్పాడు: జబారి స్మిత్, చెట్ హోమ్‌గ్రెన్, పాలో బాంకెరో. పందేలు కట్టేవాళ్ళు పరుగులు పెట్టారు. సాయంత్రానికి గాలి మారింది. ఒర్లాండో మొదటే బాంకెరోను తీసుకుంది, స్మిత్ మూడోవాడయ్యాడు. వేదానికే దిక్కులేకపోతే నా జాబితానా? 2013లో క్లీవ్‌లాండ్ వాళ్ళు ఆంథొనీ బెనెట్ పేరు మొట్టమొదట చదివించినప్పుడైతే దేశం మొత్తం నోరు తెరిచింది. అతను నాలుగు సీజన్లలో నాలుగు టీమ్‌లు చూసి ఎన్‌బీఏ నుంచి వెళ్ళిపోయాడు. అదే రాత్రి 15వ వంతులో, గ్రీస్ రెండో డివిజన్‌లో ఆడుకుంటున్న ఒక సన్నపాటి కుర్రాణ్ణి మిల్వాకీ తీసుకుంది. పేరు యానిస్ అంటెటకూంపో, తర్వాత లీగ్‌ను ఏలినవాడు.

మరి ఇన్నిసార్లు ఇలా జరుగుతున్నా మాక్ డ్రాఫ్ట్‌లు ఎలా బతుకుతున్నాయి? ఉగాదికి గుడిలో పంచాంగ శ్రవణం వినేవాళ్ళకు దీని జవాబు తెలుసు. మీ రాశికి ఆదాయం 8, వ్యయం 14, రాజపూజ్యం 4, అవమానం 5 అనగానే మొహం చిన్నబుచ్చుకుంటాం, పక్కవాడికి అవమానం 7 అని వినగానే కుదుటపడతాం. అంతేగానీ కిందటేటి పంచాంగం సంచీలో పెట్టుకొచ్చి "సిద్ధాంతిగారూ, నా రాజపూజ్యం ఎక్కడ?" అని నిలదీసినవాణ్ణి నేను చూడలేదు. డ్రాఫ్ట్ సిద్ధాంతులకూ ఇదే మర్యాద దక్కుతుంది. ఆఖరి పేరు చదివిన కాసేపటికే వచ్చే ఏడాది జాబితా వచ్చేస్తుంది. పాత లెక్క అడగడానికి తీరికేదీ? ఇక కొన్ని టీమ్‌ల జాతకాలు ఏ పంచాంగమూ బాగుచెయ్యలేదు. 1984లో పోర్ట్‌లాండ్ రెండో వంతులో శామ్ బోవీని తీసుకుంది, మూడో వంతులో మైకేల్ జోర్డన్ షికాగోకు పోయాడు. సరే, ఒకసారి జరిగింది. 2007లో అదే పోర్ట్‌లాండ్ మొదటి వంతులో గ్రెగ్ ఓడెన్‌ను తీసుకుని, ఆ 185 పౌండ్ల డ్యురాంట్‌ను వదిలేసింది. పాపం ఓడెన్ మోకాళ్ళు అతన్ని మొత్తం మీద 105 ఆటలే ఆడనిచ్చాయి. కానీ పోర్ట్‌లాండ్‌ను నేను ఎగతాళి చెయ్యను. రెండుసార్లూ చాలామంది జాబితాల్లో ఉన్న మాటే వాళ్ళు విన్నారు.

డ్రాఫ్ట్ రాత్రి మాకు ఏడింటికి మొదలవుతుంది, నాన్నకు తెల్లవారుజామున అయిదున్నర. మా బావమరిది బజ్జీల కోసం వచ్చి కూర్చుంటాడు. పేరు చదవగానే కుర్రాడు కొత్త సూటు మీద టీమ్ టోపీ పెట్టుకుని కమిషనర్‌కు చెయ్యి కలుపుతాడు. అయితే ఆ వంతును టీమ్ అప్పటికే ఇంకొకరికి మార్చేసి ఉండొచ్చు, కాగితాలు ఖాయం కాలేదు కనక టోపీ మాత్రం పాతదే. 2025లో చైనా సెంటర్ యాంగ్ హాన్సెన్‌ను 16వ స్థానంలో తీసుకున్నారు. చాలామంది అతన్ని ఎక్కడో దిగువన రాసుకున్నారు. రికార్డుల్లో తీసుకున్నది మెంఫిస్, అతను వెళ్ళింది పోర్ట్‌లాండ్.

"బావా, ఇతన్ని మీరు ఎక్కడ రాశారు?"

"పోర్ట్‌లాండ్ సంగతి ఇందాకే చెప్పాను కదా. నా జాబితాలో పోర్ట్‌లాండ్ తెలివైన టీమ్" అన్నాను.

రెండో రౌండ్‌కు టీవీ వాళ్ళకే విసుగు పుడుతుంది. 2014లో 41వ పేరు వచ్చినప్పుడు తెర మీద టాకో బెల్ ప్రకటన నడుస్తోంది, పేరు కింద చిన్న అక్షరాల్లో జారిపోయింది. ఆ పేరుగలవాడు సెర్బియాలో నిద్రపోతున్నాడు. నికోలా యోకిచ్. ఆ తర్వాత లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మూడుసార్లు తీసుకున్నాడు. ఎవరి జాబితా గొప్పదో తేల్చుకోవాలంటే ఈ 41 దగ్గర తేల్చుకోవాలి, కానీ అప్పటికి జాబితాలు రాసేవాళ్ళు కూడా నిద్రకు పోయి ఉంటారు.

ఆ మరుసటి ఏడాదే, 2015లో, మా డాలస్ వాళ్ళు 52వ స్థానంలో సత్నామ్ సింగ్ భమారాను తీసుకున్నారు. పంజాబ్‌లోని బల్లో కె అనే పల్లెవాడు, ఏడడుగుల రెండంగుళాలు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడలేదుగానీ ఇక్కడి ఫ్రిస్కోలో, మావరిక్స్ కింది టీమ్ టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు. మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న వీధులకు కూతవేటు దూరం. ఆ తర్వాత టీవీ కుస్తీల్లోకి వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. ఏ సిద్ధాంతీ ఇది రాయలేదు, రాసినా ఎవరూ నమ్మి ఉండరు. నాన్న మాత్రం అన్నాడు: "మనవాడు ఒకడు అంత దూరం వెళ్ళాడన్నమాట. మరి మన గుంటూరు జిల్లా వాడు ఎప్పుడురా?"

"ఇంకా రెండేళ్ళలో వస్తాడని చెప్పడానికి..." అని మొదలుపెట్టి, ఆయన బీపీ గుర్తొచ్చి ఆపేశాను.

వచ్చే జూన్‌లో మొదటి వంతు టీమ్ ఎవరిని తీసుకోవాలో నేను ఇప్పటికే తేల్చేశాను. రెండో వంతు, మూడో వంతు కూడా. మా బావమరిది అడిగాడు, చెప్పలేదు. మీకూ చెప్పను. ఆ టీమ్‌ల వాళ్ళు చదివారంటే వెంటనే మనసు మార్చుకుంటారు.