సిరి కాదు, సిరా

ఆయుర్వేద దినుసుల కొట్లో నిలబడి అరకిలో కరక్కాయలూ, పావుకిలో అన్నభేదీ అడిగేసరికి కొట్టాయన నన్ను జాలిగా చూసి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్ల నించండీ?" అన్నాడు.

కథలు రాయడం గురించి అడుగుతున్నాడనుకుని, "26 ఏళ్ల నించండి" అన్నాను.

"అమ్మో! అన్నాళ్లదైతే ఒట్టి కరక్కాయకి లొంగదండి. తానికాయ, ఉసిరికాయ కూడా కలిపి త్రిఫలచూర్ణం చేసిస్తాను. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్లలో..."

"తాగడానిక్కాదండీ బాబూ, రాయడానికి."

"ఆహా, పైపూతకా! మరి చెప్పరేం? ఎక్కడ రాయాలండి?"

కాగితం మీద అని చెప్పడానికి మొహమాటమేసి పొట్లాలు పుచ్చుకుని వచ్చేశాను. దారిలో ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. మన పూర్వులు తాటాకు మీద గంటంతో గీసి, గీత కనబడ్డానికి పైన మసి పూసేవారు. ఆ లెక్కన రాయడమూ పూయడమూ ఒక్క పని కిందే జమ.

ఇంతకీ నేను సిరా వ్యాపారంలోకి దిగడానికి కారణం మా ఊరే. ఊళ్లో ఏది లేదో అది పెట్టినవాడే వ్యాపారంలో నెగ్గుతాడని ఎక్కడో చదివాను. రాజమండ్రిలో ఏం లేదు? పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో కూచుని నన్నయగారు భారతం మొదలెట్టారు గనక అప్పట్నించీ కవులకి కొదవ లేదు. 1874లో వివేకవర్ధని పెట్టిన వీరేశలింగంగారిది ఈ ఊరే గనక పత్రికల సంగతి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితానికి పేపరుమిల్లు ఉంది. పెన్నుకి రత్నంగారి కొట్టుంది, 1932 నించీ చేతితో చేసిన పెన్నులు, 1935లో గాంధీగారంతటివారు మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పెన్నులు. కవీ ఉన్నాడు, కాగితమూ ఉంది, కలమూ ఉంది. మధ్యలో సిరా ఒక్కటీ పైనించి రావాలా? ఈ ఆలోచన రాగానే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడకి మర్నాటి రాత్రి నించీ పట్టలేదు.

ఆవిడ భయానికి పూర్వచరిత్ర ఉంది. మా ఇంట్లో అటకని "మీ అభిరుచులు" అంటారు. "మీ అభిరుచుల మీద ఎలుకలు తిరుగుతున్నాయి" అని మా ఆవిడ అంటే అర్థం అదన్నమాట. అక్కడ ఒక హార్మోనియం ఉంది. పక్కింటివారు ఇల్లు మారేదాకా వాయించాను, వాళ్లు వెళ్లాక వాయించాలన్న ఉత్సాహం పోయింది. తపాలాబిళ్లల ఆల్బం ఒకటుంది, అందులో సగం బిళ్లలు నా కథలు తిరిగొచ్చిన కవర్ల మీద నించి ఊడదీసినవే. మిద్దె తోట తాలూకు ఇరవై ప్లాస్టిక్ టబ్బులున్నాయి. ఆ తోట మొత్తానికి పదకొండు టమాటాలు కాసింది. మా ఆవిడ బ్యాంకులో పనిచేసిన మనిషి, ఒక్కో టమాటా 412 రూపాయలు పడిందని లెక్కకట్టి, ఆ రోజు చారు పెడుతూ "జాగ్రత్తగా తాగండి, వెండితో సమానం" అంది.

అటకెక్కని అభిరుచి ఒక్కటే, సిరా పెన్నులు. ఇప్పటికి పదిహేడు. ఎక్కువభాగం ఎబొనైటువి, అంటే రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడే పదార్థం. చేతికి చల్లగా తగలదు, చెమటకి జారదు. ఒక్క చిక్కేమిటంటే డ్రాపరుతో నేరుగా గొట్టంలోకి సిరా పోసే పెన్నుల్లో సిరా అడుగంటాక, మన చేతి వేడికి లోపలి గాలి పొంగి, ఉన్న నాలుగు చుక్కల్నీ ఒక్కసారి బయటికి తోసేస్తుంది. నా చొక్కాలన్నింటికీ జేబు కింద ఒక ద్వీపకల్పం ఉంటుంది. చాకలాయన వాటిని బట్టి చొక్కాలు గుర్తుపడతాడు.

సరే, తయారీ. కరక్కాయల్ని గింజ తీసి, బెరడు కచ్చాపచ్చాగా దంచి, కుండలో మూడు రోజులు నానబెట్టాను. నాలుగోరోజు వడగట్టి అన్నభేది నీళ్లు పోశాను. పాత రోజుల్లో మన లేఖకులు వాడిన సరుకే ఇది, నా సొంతం ఏమీ లేదు. కరక్కాయలో వగరు ఉంది చూశారూ, దాన్ని టానిన్ అంటారు. అన్నభేది అంటే ఇనుము ఉప్పు. రెండూ కలిస్తే నలుపు. చిక్కదనానికి తుమ్మబంక, బూజు పట్టకుండా నాలుగు లవంగాలు. వాసన మాత్రం పులావుకీ ఇనప సామాన్ల కొట్టుకీ మధ్యన ఉంటుంది.

తొలిసారి పాళీ ముంచి రాస్తే నీరసంగా, బూడిదరంగులో పడింది అక్షరం. నీరుగారిపోయి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే అదే అక్షరం కాటుకలా నల్లగా నిగనిగలాడుతోంది! రాత్రంతా గాలి తగిలి ఇనుము రంగు తిరిగిందన్నమాట. నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకంటే జీవితమంతా నాకు దీనికి తలకిందులుగా జరిగింది. రాత్రి రాసినప్పుడు నిగనిగలాడిన కథ పొద్దున్న చూసేసరికి బూడిదరంగులో ఉండేది.

ఆ సంబరంలో కుండ ఎత్తి చూపించబోయి మా ఆవిడ మంగళగిరి చీర మీద గరిటెడు ఒలకబోశాను. సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది, చివరికి నన్ను తిట్టింది. మరక మాత్రం ఇంకా కాస్త నలుపెక్కింది. ఆవిణ్ణి చల్లబరచడానికి శాస్త్రం చెప్పాను. "శ్రీకాళహస్తిలో కూడా గుడ్డని ముందు కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచి, దాని మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీతలు గీస్తారు. అదే నలుపు ఇది. నీది ఇవాళ్టి నించీ కలంకారీ చీర" అన్నాను.

"కలంకారీ కాదండీ, కళంకకారీ" అంది. ఇంట్లో ఇద్దరం రచయితలమైతే బతకలేమని ఆవిడ రాయడం మానేసింది గానీ, లేకపోతే నాకు పోటీ అయ్యేది.

పెట్టుబడి దగ్గర కూడా ఆవిడే అడ్డం. ముద్ర రుణాల్లో శిశు అని ఒకటుంది కదా, 50 వేల దాకా ఇస్తారట కదా అని నేను మెల్లిగా మొదలెట్టగానే, "ముప్ఫయ్యేళ్లు లోన్లు ఇచ్చిన దాన్ని. మీలాంటి పార్టీలని గుమ్మం ఎక్కుతుండగానే పోల్చేసేదాన్ని" అంది. ఆఖరికి టమాటా టబ్బులు అమ్మగా వచ్చిన డబ్బుతో సీసాలు కొన్నాను.

మా అక్క కొడుకు ఫోనులోనే ఉద్యమ్ రిజిస్ట్రేషను చేసిపెట్టాడు. ఆధార్, పాన్ నంబర్లు కొట్టాడు, దమ్మిడీ ఖర్చు లేదు. పెట్టుబడీ అమ్మకాలూ కోట్లలో ఉన్నా కూడా సూక్ష్మ సంస్థ కిందే లెక్కట. నా సంస్థని చూడ్డానికి సూక్ష్మదర్శిని కూడా చాలదు. "మావయ్యా, అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ గొడవ" అని వాడు చెప్పిన రోజు నేను కాస్త కంగారుపడి, దాటకుండా జాగ్రత్తగా ఉంటానని మాటిచ్చాను. ఇప్పటిదాకా తప్పలేదు. పేరు కూడా వాడే చెప్పాడు, "ఇంకేం" అని. ఇంకూ ఉంటుంది, ఊపూ ఉంటుందన్నాడు. మా ఆవిడ విని, "తెలుగులో ఇంకడమంటే ఏమిటో వాడికి తెలుసా? నీళ్లు ఇసకలో ఇంకినట్టు" అంది. చీటీ మీద కరక్కాయ సిరా అని మాత్రం వేయించాను.

మొదటి సీసా మా వీధి కవిగారు కొన్నారు. రోజుకి మూడు కవితలు, మూడూ మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. ముందు సిరాతో రాసి ఆ కాగితం ఫొటో తీసి పెట్టడం ఆయన పద్ధతి. తుమ్మబంక పాళీకి మంచిదే గానీ, పెన్ను లోపలి సన్నటి కాలువకి ప్రాణాంతకమని నాకప్పటికి తెలీదు. రెండోరోజుకే ఆయన పెన్ను బిగుసుకుపోయింది. నాలుగు రోజులు కవితలు లేవు. నేను సిగ్గుతో ఫోను ఎత్తడం మానేశాను. తీరా చూస్తే ఫోన్లన్నీ గ్రూపు సభ్యులవి. అభినందించడానికి చేశారు. ఒకాయన ఇంకో రెండు సీసాలు కొని కవిగారికి బహుమతిగా పంపమన్నాడు. అంటే నా వ్యాపారానికి తొలి పెద్ద బేరం సిరా రాయకపోవడం వల్ల వచ్చింది.

కవిగారి పెన్ను విప్పి, రాత్రంతా నీళ్లలో నానేసి, బాగుచేసి ఇచ్చాను. ఆ తరవాత పెన్నులకి బంక మానేసి, పలచన చేసి, "వారానికోసారి పెన్ను కడుక్కోవాలి" అని చీటీ మీద అచ్చువేయించాను. బంక సిరా పాళీవాళ్లకి వేరే.

ఇక నా దగ్గర ఉన్న రెండో సరుకు గురించి. సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించిన నా నవల మంచం కింద 312 ఉంది. మిగతా 188 అమ్ముడుపోలేదు, ఇచ్చాను. సిరా సీసా 80 రూపాయలు, కొన్నవారికి నవల ఉచితం అని బోర్డు పెట్టాను. మొదటిరోజే ఒకమ్మాయి వచ్చింది, కాలేజీ పిల్ల, అందంగా అక్షరాలు రాయడం నేర్చుకుంటోందట. సీసా వెలుగుకి పెట్టి చూసింది, మూత తీసి వాసన చూసింది, నవల వెనక అట్ట మీద నా ఫొటో కూడా చూసింది.

"పుస్తకం లేకుండా ఎంతండీ?" అంది.

75కి ఇచ్చాను. ఏం చేస్తాం? 26 ఏళ్లలో నా రాతకి మార్కెట్టులో ధర కట్టిన మొదటి మనిషి ఆ పిల్ల. మైనస్ ఐదు.

అయినా వ్యాపారం నిలబడింది. నిలబెట్టింది దానవాయిపేట నించి వచ్చే ఓ రిటైర్డు హెడ్మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు. నెలకి నాలుగు సీసాలు పట్టుకెళతారు, అదీ బంక ఉన్న రకమే. బేరం ఆడరు. నాలుగు సీసాలంటే మాటలా! లెక్కేస్తే నెలకి వెయ్యి పేజీలు దాటుతుంది. ఈ వయసులో ఇంత రచనేమిటా అని నాకు ఓ పక్క గౌరవం, ఓ పక్క అసూయ. ఆత్మకథ అయి ఉంటుందనుకున్నాను. ఒకసారి ఉండబట్టలేక, "రోజూ రాస్తారా మాస్టారూ?" అని అడిగాను.

"పొద్దున్నే అయిదింటికి లేచి ఓ అరగంట రాసుకుంటానయ్యా. రాయకపోతే నలుగురిలోకీ వెళ్లలేను."

రచయిత అంటే ఇలా ఉండాలని ఆ రాత్రి మా ఆవిడకి గంటసేపు చెప్పాను. "ఒక్క భాగం చూపించకూడదూ?" అని ఆ తరవాతి నెల మాస్టారిని బతిమాలాను. ఆయన వింతగా చూసి, "చూపించడమేమిటోయ్, కనబడుతూనే ఉందిగా" అన్నారు.

కార్తీకమాసంలో పుష్కరాల రేవులో ఆయన స్నానం చేసి ఎదురొచ్చారు. ఎండ మొహం మీద పడుతోంది. జుట్టు పాలనురుగులా తెల్లగా ఉంది, కనుబొమలు తెలుపు, రెండురోజుల గడ్డం తెలుపు. గుబురు మీసం ఒక్కటీ నా సిరా. గోదావరిలో మూడు మునకలేసినా చెక్కుచెదరలేదు.

"భలే పట్టిందయ్యా నీ సరుకు, ముందు పూసినప్పుడు వెలవెలబోతుంది గానీ గంటలో నిగనిగలాడుతుంది" అని, నా నెత్తి వైపు ఓసారి చూసి, "నువ్వెందుకు రాయడం లేదు?" అన్నారు.