కలం రోడ్డెక్కింది, రిమోట్ సోఫాలోనే ఉంది

2007 నవంబరు 5, సోమవారం. రాత్రి పదకొండున్నర దాటాక నాలుగు జోకులు వింటేగానీ నిద్రపట్టని ఇళ్లు అమెరికాలో చాలానే ఉన్నాయి. ఆ రాత్రి కూడా వాళ్లు టీవీ పెట్టారు. జే లెనో వచ్చాడు, కానీ పాత జోకులతో. ఛానల్ మారిస్తే డేవిడ్ లెటర్‌మన్, ఆయనా పాతవాడే. ఇంకో గంట ఓపిక పట్టినవాళ్లకు కోనన్ ఓబ్రియన్ దొరికాడు. అదీ ఎప్పుడో చూసేసిందే. రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికాకు చెందిన సుమారు 12,000 మంది రచయితలు ఆ ఉదయమే పెన్ను కింద పెట్టి ప్లకార్డు పైకెత్తారు. పొద్దున పికెట్ లైన్ దగ్గరికి లెనో స్వయంగా వచ్చి డోనట్లు పంచి వెళ్లాడు. తన జోకులు రాసేవాళ్లకు తిండి పెట్టే అవకాశం అంత బహిరంగంగా ఆయనకు అంతకుముందు దొరికి ఉండదు.

సమ్మె జనం ఇళ్లలోకి వాయిదాల పద్ధతిలో వచ్చింది. లేట్‌నైట్ షో అంటే ఏ పూటకాపూట వండి వడ్డించే కూర. పొద్దున వచ్చిన వార్త మీద సాయంత్రానికల్లా జోకు తయారవ్వాలి. డ్రామాలు అలా కాదు, ఆవకాయ కిందికి వస్తాయి. జాడీలో ఇంకొన్ని ఎపిసోడ్లు నిల్వ ఉంటాయి. అందుకే నవ్వులు మొదటిరోజే బందయ్యాయి గానీ హంతకులు, డాక్టర్లు, లాయర్లు డిసెంబరు దాకా నిక్షేపంగా వచ్చిపోయారు. రచయితలు సమ్మెలో ఉన్నారన్న సంగతి డాక్టర్ల సీరియల్ చూసే ఇంట్లో నెల తర్వాత తెలిసింది.

ఇంతకీ గొడవ దేని గురించి? డీవీడీ ఒకటి అమ్ముడుపోతే రచయితకు ముట్టేది సుమారు 4 సెంట్లు. దాన్ని రెట్టింపు చెయ్యమన్నారు. జనం ఇంటర్నెట్‌లో చూసినా తమ వాటా తమకు రావాలన్నారు. ఇంటర్నెట్‌లో డబ్బు ఎంత ఉందో ఇంకా తేలలేదు, ముందు అధ్యయనం చేద్దామన్నాయి స్టూడియోలు. ఆ స్టూడియోల అధిపతులే ఇంటర్నెట్ లాభాల గురించి వేరే వేదికల మీద గొప్పలు పోయిన క్లిప్పులన్నీ ఏరి, ఒకచోట అతికించి, రచయితలు యూట్యూబ్‌లో పెట్టారు. 'ది ఆఫీస్' రచయితలైతే పికెట్ లైన్‌లో నిలబడే ఓ వీడియో తీశారు. టీవీలో కామెడీ ఆగిపోయిన వారంలో ప్రేక్షకుడికి మంచి కామెడీ ఉచితంగా, అదీ సమ్మె చేస్తున్నవాళ్ల దగ్గర్నుంచే దొరికింది. దీని మీద రచయితలకు వాటా ఎంత అని ఎవరూ అడగలేదు.

అమెరికన్ అభిమానికి కోపం వస్తే ఉత్తరంతో సరిపెట్టుకోడు, పార్సిల్ కడతాడు. ఆ ఏడాది మే నెలలో సీబీఎస్ 'జెరిఖో' అనే సీరియల్‌ను ఆపేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాస్టోన్ దగ్గర, లొంగిపొమ్మన్న జర్మన్లకు జనరల్ మెకాలిఫ్ 'నట్స్' అని ఒక్క ముక్కలో జవాబు పంపాడు. ఆ సీరియల్ చివరి ఎపిసోడ్లో హీరో శత్రువుతో అన్నదీ అదే ముక్క. అభిమానులు దాన్ని పట్టుకుని సీబీఎస్ ఆఫీసులకు వేరుశెనగలు పంపడం మొదలుపెట్టారు. మొత్తం 20 టన్నుల పైచిలుకు. అనంతపురం మార్కెట్ యార్డులో దిగాల్సిన సరుకు న్యూయార్క్‌లో టీవీ కంపెనీ గుమ్మం ముందు దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సీబీఎస్ దిగొచ్చి, ఇంకో ఏడు ఎపిసోడ్లు తీయిస్తానని జూన్‌లో ఒప్పుకుంది.

పప్పులు ఉడికాయన్న ధైర్యంతో సమ్మెలో పెన్సిళ్లు రంగంలోకి దిగాయి. రచయితల పక్షాన అభిమానులు డబ్బు వేసుకుని, స్టూడియో అధిపతుల పేరిట డబ్బాలకొద్దీ పెన్సిళ్లు కొనిపించారు. దర్శక రచయిత జాస్ వీడన్ అభిమానులు 'ఫ్యాన్స్ ఫర్ రైటర్స్' పేరుతో జట్టుకట్టి, ప్లకార్డులు పట్టుకుని తిరుగుతున్నవాళ్లకు తిండి చేరవేశారు. ఇంతవరకూ చదివితే అమెరికన్ ప్రేక్షకుడంత విశ్వాసపాత్రుడు లోకంలో లేడనిపిస్తుంది. జనవరి 2 రాకుండా ఉంటే అలాగే అనుకుంటూ ఉండిపోవచ్చు కూడా.

లెటర్‌మన్ సొంత కంపెనీ గిల్డ్‌తో విడిగా ఒప్పందం చేసుకోవడంతో 2008 జనవరి 2 రాత్రి ఆయన తన రచయితలతో సహా తిరిగొచ్చాడు. సమ్మెలో పెంచిన గడ్డం, పికెట్ ప్లకార్డులు పట్టుకున్న డాన్సర్లు, అతిథిగా రాబిన్ విలియమ్స్. ధర్మం, హాస్యం రెండూ ఆ ఛానల్లోనే ఉన్నాయి. అదే సమయానికి పక్క ఛానల్లో లెనో రచయితలు లేకుండా వచ్చాడు. అతిథి మైక్ హకబీ, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రాజకీయ నాయకుడు. తన జోకులు తనే రాసుకున్నానన్నాడు లెనో. ఆయనా గిల్డు సభ్యుడే కాబట్టి అదీ నిబంధనలకు విరుద్ధమేనంది గిల్డు. మర్నాడు లెక్కలొచ్చాయి. లెనోను చూసినవాళ్లే ఎక్కువ. రచయితలున్న షో కంటే లేని షోకే జనం పోయారు. పెన్సిళ్లు పంపినవాళ్లూ వీళ్లూ ఒకరే కాకపోవచ్చు. అయినా ఏళ్ల తరబడి ఒకే నంబరు నొక్కిన బొటనవేలికి న్యాయాన్యాయాల విచక్షణ ఉంటుందని ఆశించడం కొంచెం ఎక్కువే.

కోనన్ సంగతి వేరు. రచయితలు లేనప్పుడు షో ఎలా ఉంటుందో దాచకుండా చూపించాడు. ఆయనా గడ్డంతోనే వచ్చాడు. వేలికున్న పెళ్లి ఉంగరం తీసి బల్ల మీద గిర్రున తిప్పి, ఎన్ని సెకన్లు తిరుగుతుందో లెక్కపెట్టాడు. దేశమంతటా ప్రసారమయ్యే కార్యక్రమంలో, ఖరీదైన సెట్ మీద, ఒక పెద్దమనిషి ఉంగరం తిప్పుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. రచయితల విలువ గురించి గిల్డు వేసిన కరపత్రాలన్నీ కలిపినా ఆ ఉంగరం చెప్పినంత చెప్పలేదేమో.

డ్రామాల జాడీ కూడా అడుగంటాక రకరకాల విచిత్రాలు జరిగాయి. '24' సీరియల్లో కథంతా ఒకే ఒక్క రోజులో, గంట వెంట గంటగా జరుగుతుంది. మధ్యలో ఆపితే కుదరదు కాబట్టి ఏడో సీజన్‌ను 2008 జనవరి నుంచి 2009 జనవరికి జరిపారు. హీరోకు దేశాన్ని కాపాడటానికి ఇరవై నాలుగు గంటలు చాలు. ఆ ఇరవై నాలుగు గంటలు మొదలవడానికి మాత్రం ప్రేక్షకుడు అదనంగా ఏడాది కూర్చోవాలి. 'పుషింగ్ డెయిజీస్' అని చనిపోయినవాళ్లను ముట్టుకుని బతికించే కుర్రాడి కథ ఒకటుండేది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, జనమూ బాగానే చూశారు. తొమ్మిది ఎపిసోడ్ల తర్వాత సమ్మె వచ్చిపడి, మళ్లీ అక్టోబరులో గానీ రాలేదు. అప్పటికి చూసినవాళ్లు ఇంకెక్కడికో వెళ్లిపోయారు. రెండో సీజన్‌తో దుకాణం మూసేశారు. శవాలను లేపగలిగినవాడు ప్రేక్షకుణ్ణి లేపలేకపోయాడు.

జెరిఖో అభిమానుల కథైతే ఏ రచయిత రాసినా అతికినట్టు ఉండదు. వేరుశెనగలతో సంపాదించిన ఆ ఏడు ఎపిసోడ్లలో మొదటిది ప్రసారమైన రోజు 2008 ఫిబ్రవరి 12. గిల్డు సభ్యులు ఓటేసి సమ్మె ముగించిన రోజూ అదే. చాలా ఛానళ్లలో కొత్త డ్రామా అన్నదే కరువైన వారాలవి. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ సీరియల్‌కూ దొరకదు. అయినా చూసేవాళ్లు చాలినంతమంది రాలేదు. మార్చిలో మళ్లీ ఆపేశారు. 20 టన్నుల పప్పులు తూకానికి వస్తాయిగానీ రేటింగులకు రావు.

కాలక్షేపానికి మాత్రం లోటు రాలేదు. కండలు తిరిగిన మనుషులు మామూలు మనుషులను కర్రలతో నీళ్లలోకి తోసే 'అమెరికన్ గ్లాడియేటర్స్'ను ఎన్బీసీ అటక మీంచి దింపింది. మొదటి రాత్రి కోటిమందికి పైగా చూశారు. తోసేవాడికి డైలాగు అక్కర్లేదు, పడేవాడు అరిచే అరుపు ఎవరూ రాయనక్కర్లేదు. అదే నెలలో గోల్డెన్ గ్లోబ్స్ వేడుక విలేకరుల సమావేశంగా కుదించుకుపోయింది. నటీనటులు పికెట్ లైన్ దాటి రామన్నారు. గౌన్లు లేవు, కన్నీళ్లు లేవు, అమ్మానాన్నలకు కృతజ్ఞతలు లేవు, పేర్లు చదివేశారు. ముందటేడు సుమారు 2 కోట్లమంది చూసిన కార్యక్రమానికి ఎన్బీసీలో 60 లక్షలు కూడా రాలేదు. ఇన్నాళ్లూ జనం చూసింది అవార్డులను కాదన్నమాట.

ఇలాంటిదే ఒకటి మన దేశంలోనూ జరిగింది, అయితే రచయితల వల్ల కాదు. 2008 నవంబరులో ముంబయి సినీ, టీవీ కార్మికుల సమ్మెతో హిందీ సీరియళ్ల షూటింగులు ఆగి, ఛానళ్లు పాత ఎపిసోడ్లనే తిప్పాయి. ఇక తెలుగువాడిని రీరన్‌తో బెదిరించడం దండగ. 'అతడు' టీవీలో ఎప్పుడు వచ్చినా, ఏ సీన్ దగ్గర దొరికితే అక్కడ కూర్చుండిపోయే జాతి ఇది. పైగా ఆ సినిమాకు మాటలు త్రివిక్రమ్ రాశాడని అడక్కుండానే చెబుతాడు. జంధ్యాల, ముళ్లపూడి, పరుచూరి సోదరులు అంటూ సినిమా మాటల రచయితలను ఇంటిపేర్లతో సహా గుర్తుపెట్టుకునే ఈ ప్రేక్షకుణ్ణే, ఏళ్లుగా రోజూ రాత్రి చూస్తున్న సీరియల్ రచయిత ఎవరండీ అని అడిగితే, అందులో అత్తగారి పేరు చెబుతాడు.

2023కు వచ్చేసరికి అమెరికాలోనూ ప్రేక్షకుడు మారిపోయాడు. మే 2న మొదలైన సమ్మె 148 రోజులు సాగింది. ఈసారి స్ట్రీమింగ్ చెల్లింపులతోపాటు కృత్రిమ మేధ మీద కూడా పోరాటం. జులైలో నటులూ కలిశారు. ఆగస్టులో గాలప్ సంస్థ జనాన్ని అడిగితే నూటికి 72 మంది రచయితల పక్షమన్నారు, స్టూడియోల పక్షమన్నవాళ్లు 19 మంది. అంత సానుభూతి ఉన్నవాళ్లు ఆ వేసవి సాయంత్రాల్లో ఏం చేశారంటే, 2019లోనే ముగిసిపోయిన 'సూట్స్' అనే లాయర్ల సీరియల్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వస్తే దాని ముందు బైఠాయించారు. ఆ ఏడాది అమెరికాలో దాన్ని 5,770 కోట్ల నిమిషాలు చూశారని నీల్సన్ లెక్కతేల్చింది. అంటే 1,09,000 సంవత్సరాల పైమాటే. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు వచ్చే కలియుగ ప్రథమ పాదం నిడివి 1,08,000 ఏళ్లు. మనం ఐదువేల ఏళ్లుగా ఆ పాదంలో ఈదుతుంటే, అమెరికా జనం ఒక్క ఏడాదిలో లాయర్లను చూస్తూ అవతలి ఒడ్డుకు చేరిపోయారు.

కొత్తవి ఆగిపోతే జనం అల్లాడతారన్నది 2007 నాటి లెక్క. 2023లో జనం దగ్గర ఇంకా చూడనివి, సగం చూసి వదిలేసినవి, మరోసారి చూడదగ్గవి ఏళ్లకు సరిపడా ఉన్నాయి. సమ్మె చేస్తున్నవాళ్లు ఎప్పుడో రాసినవాటినే చూస్తూ సమ్మెకాలం గడిపేశారు. అలా చూస్తున్నదానికి రాసినవాళ్లకు చాలినంత రావడం లేదన్నదే సమ్మెకు ఒక కారణం. ఇంతకన్నా నిష్కల్మషమైన మద్దతు ఊహించడం కష్టం.

అయితే ఆ సెప్టెంబరులో ఇద్దరు ప్రేక్షకులు ఏ పార్సిలూ కట్టకుండా, ఏ టన్నులూ తూచకుండా పెద్ద పనే చేశారు. సమ్మె నడుస్తుండగానే డ్రూ బారిమోర్ తన టాక్ షోను మళ్లీ మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో స్టూడియో బయట పికెట్ చేస్తున్న రచయితలు ఇచ్చిన బ్యాడ్జీలు పెట్టుకుని ఇద్దరు లోపలికి వెళ్లారు. బ్యాడ్జీలు చూసి వాళ్లను బయటికి పంపేశారు. వాళ్లు ఇంటికి పోకుండా నేరుగా పికెట్ లైన్‌లో కలిశారు. గొడవ పెద్దదైంది. నేషనల్ బుక్ అవార్డుల వేడుక నిర్వహించడానికి ఆమెకు పంపిన ఆహ్వానాన్ని నిర్వాహకులు వెనక్కి తీసుకున్నారు. వారం తిరిగేలోపు, సమ్మె అయ్యేదాకా షో ఆపేస్తానని ఆమె ప్రకటించింది. చొక్కాకు పెట్టుకునే పిన్ను బరువు ఎన్ని గ్రాములుంటుందో గానీ, అది జెరిఖో అభిమానుల లారీలోడు కంటే నికరంగా పనిచేసింది.

సమ్మె సెప్టెంబరు 27న ముగిసింది. మర్నాడు ఏబీసీలో 'ది గోల్డెన్ బాచిలర్' మొదలైంది. డెబ్బై దాటిన వరుడు, ఆయన కోసం పోటీపడే అరవై దాటిన వధువులు. స్క్రిప్టు కరువైన సీజన్‌కు రచయితలు అక్కర్లేని ప్రేమకథ. జనం విరగబడి చూశారు. 2024 జనవరిలో పెళ్లిని కూడా అదే ఛానల్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఏప్రిల్లో ఆ దంపతులు విడాకులు తీసుకుంటున్నామని ప్రకటించారు. ఆ మలుపు మాత్రం గిల్డు ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు.